పళ్ళకు ఇన్సూరెన్స్: కట్టాలా, వద్దా?



ఈ మధ్య వార్డులో రౌండ్స్‌కు వెళ్ళినప్పుడూ, ఆదివారం చర్చి ఆవరణలో కలిసినప్పుడూ చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, ఏజెంటు ఇంటికొచ్చిండు. పళ్ళకు గూడ ఇన్సూరెన్స్ ఉంటదంట. కట్టుకుంటే మంచిదేనా?" ఒక్కొక్కరికి నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు ఇది. అందుకే ఈ నెల మన పత్రికలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను పళ్ళ డాక్టరును కాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసినదాన్ని అంతకన్నా కాను. ముప్పై ఏళ్ళుగా నర్సుగా రోగుల మంచం పక్కన నిలబడినదాన్ని. బిల్లు కౌంటర్ దగ్గర కుటుంబాలు పడే అవస్థ రోజూ చూసేదాన్ని. ఆ అనుభవంతో, తెలుసుకున్న విషయాలతో చెబుతున్నాను.

ఒక రాత్రి జరిగిన సంగతి

కొంతకాలం క్రితం అర్ధరాత్రి దాటాక ఒకాయనను ఆటోలో తీసుకొచ్చారు. (ఎవరో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చాను.) వయసు అరవై దగ్గర. చిన్న టీ హోటలు నడుపుకునే మనిషి. ఎడమ దవడ కింద నుంచి మెడ దాకా వాచి, చర్మం ఎర్రగా, గట్టిగా ఉంది. నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. ఉమ్మి మింగలేక గుడ్డతో తుడుచుకుంటున్నాడు. షుగరు చూస్తే 400 దాటింది.

"ఎన్ని రోజుల నుంచి నొప్పి?" అని అడిగితే ఆయన భార్య చెప్పింది: "నెలల సంది ఉన్నది సిస్టరమ్మా. పిప్పి పన్ను. డాక్టరు నరం తీసి సిమెంటు పెట్టాలె, నాలుగు వేలైతదన్నడు. పట్నంలున్న మా కొడుకు మా ఇద్దరి మీద పళ్ళ పాలసీ కట్టిండు. ఇంక మూడు నెలలు ఆగితే కార్డు మీద చేస్తరన్నరు. అందుకే గోలీలు మింగుకుంట ఆగిండు."

ఆ రాత్రి డాక్టరుగారు సెలైన్ ద్వారా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, ఊపిరికి అడ్డం వచ్చే ప్రమాదం ఉందని కరీంనగర్ పంపించారు. అక్కడ దవడ కింద కోసి చీము తీశారు, పన్ను తీసేశారు. తొమ్మిది రోజులు ఉండి ఇంటికి వచ్చాడు. బతికాడు. కాని ఆ నాలుగు వేలు కార్డు మీద మిగులుతాయని ఆగినందుకు అయిన ఖర్చు ఎన్నో రెట్లు. హోటలు మూతపడిన రోజుల లెక్క వేరే.

కొడుకు చేసింది తప్పు కాదు. తల్లిదండ్రుల మీద ప్రేమతోనే కట్టాడు. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఇన్సూరెన్స్ ఏ పనికి వస్తుంది, పన్ను ఎలా పాడవుతుంది అన్న రెండు సంగతులు వాళ్ళకు ఎవరూ కలిపి చెప్పలేదు. ఆ రెండూ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పన్ను మెట్లు మెట్లుగా పాడవుతుంది

మనం తిన్న తీపి, పిండి పదార్థాలు పళ్ళ సందుల్లో నిలిచిపోతాయి. నోటిలోని సూక్ష్మక్రిములు వాటిని తిని ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటిపై ఉండే గట్టి పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది.

మొదటి మెట్టు: చిన్న నల్ల మచ్చ లేదా గుంత. నొప్పి ఉండదు. ఈ దశలో సిమెంటు నింపితే సరిపోతుంది. ఖర్చు వందల్లో ఉంటుంది.

రెండవ మెట్టు: గుంత లోపలి పొరకు చేరుతుంది. చల్లనివి, తీపివి తగిలితే జివ్వుమంటుంది. ఇప్పుడూ చాలాసార్లు సిమెంటుతోనే పోతుంది.

మూడవ మెట్టు: నరానికి చేరుతుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి. రూట్ కెనాల్, ఆపైన క్యాపు. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

నాలుగవ మెట్టు: నరం చచ్చిపోతుంది. ఒక్కోసారి నొప్పి తగ్గిపోతుంది. "తగ్గింది కదా" అని మనం సంతోషిస్తాం. కాని వేరు కింద చీము చేరుతూనే ఉంటుంది. ఒకరోజు దవడ వాస్తుంది.

గమనించండి. మొదటి మెట్టు నుంచి నాలుగవ మెట్టుకు రావడానికి సాధారణంగా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. గుండెపోటు లాగా చెప్పకుండా వచ్చేది కాదు. ప్రతి మెట్టు దగ్గరా ఆపే అవకాశం ఉంది. ఎంత ముందు ఆపితే అంత తక్కువ ఖర్చు.

ఇన్సూరెన్స్ దేనికి?

మన బొగ్గు గనుల ప్రాంతంలో ఇన్సూరెన్స్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. ఎప్పుడు వస్తుందో తెలియని, వస్తే ఇంటిని కూల్చేసే కష్టం కోసం వందమంది కలిసి తలా కొంత వేసుకోవడం. రోడ్డు ప్రమాదం, గుండె ఆపరేషను, క్యాన్సరు, కిడ్నీ జబ్బు ఇలాంటివి. వందమందిలో కొద్దిమందికే వస్తాయి. వచ్చిన వాళ్ళకు లక్షలు కావాలి. అందుకే అక్కడ ఇన్సూరెన్స్ పనిచేస్తుంది.

పళ్ళ సంగతి అలా కాదు. వందమందిలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పంటి పని పడుతుంది. పైగా ఎవరికి పడబోతుందో వాళ్ళకు ముందే తెలుస్తుంది. పన్ను సలుపుతున్నవాళ్ళే పళ్ళ పాలసీ కోసం ముందుగా పరుగెత్తుతారు. ఈ సంగతి కంపెనీలకు మనకన్నా బాగా తెలుసు. అందుకే పళ్ళ పాలసీల్లో మూడు కట్టడులు ఎక్కువగా కనిపిస్తాయి. కొన్ని నెలలు ఆగాలంటారు. ఏడాదికి ఇంతకు మించి ఇవ్వమంటారు. ఖరీదైన క్యాపు, ఇంప్లాంటు, క్లిప్పుల వంటివి తీసేస్తారు. ఇది మోసం కాదు, వాళ్ళ లెక్క. మన లెక్క మనం వేసుకోవాలి.

ముందు మీ చేతిలో ఉన్నది చూసుకోండి

కొత్త పాలసీకి డబ్బు కట్టే ముందు, ఇప్పటికే మీకు ఉన్న హక్కు ఏమిటో చూడండి. చాలా ఇళ్ళలో ఇది మర్చిపోతున్నారు.

1. సింగరేణి ఉద్యోగులు: కార్మికుడికి, ఆయనపై ఆధారపడిన కుటుంబ సభ్యులకు కంపెనీ ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం ఉంది. గోదావరిఖనిలో ఏరియా ఆసుపత్రి ఉంది. పళ్ళ డాక్టరు ఏ రోజుల్లో చూస్తారు, ఏ పనులు అక్కడే చేస్తారు, కట్టుడు పళ్ళకు, క్యాపులకు నిబంధన ఏమిటి అన్నది ఓపీలో అడిగి రాసుకోండి. ఇది దయ కాదు, మీ కష్టార్జితంలో భాగం. సర్వీసులో ఉన్నంతకాలం వేరే పళ్ళ పాలసీ కట్టడం అంటే ఇంట్లో బావి ఉండగా నీళ్ళు కొనుక్కోవడమే.

2. రిటైరైన వారు: రిటైరైన వారి వైద్య పథకం కింద కార్డు ఉంటే, దాని పుస్తకంలో బయటి రోగిగా పొందే చికిత్స ఎంతవరకు ఉందో, అందులో పళ్ళు ఉన్నాయో లేదో అడగండి. నా సలహా ఏమిటంటే, రిటైర్ కావడానికి ఏడాది ముందే భార్యాభర్తలిద్దరూ పళ్ళన్నీ చూపించుకుని, పెండింగు పనులు పూర్తి చేయించుకోండి. చాలామంది రిటైరయ్యాక తీరుబడిగా చేయించుకుందామని ఆగి, తర్వాత జేబులోంచి పెడుతున్నారు.

3. ఈఎస్ఐ చీటీ ఉన్నవారు: ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేస్తూ జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతున్నవారికి వైద్యంలో పంటి చికిత్స కూడా ఉంటుంది. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ప్రతి నెలా కట్టేది మీరే కాబట్టి వాడుకోవలసింది కూడా మీరే.

4. ఆరోగ్యశ్రీ: ఇది 2007 ఏప్రిల్‌లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పెంచారు. ఇందులో మామూలు పిప్పి పన్నుకు, క్లీనింగుకు డబ్బు రాదు. కాని నోటి క్యాన్సరు లాంటి పెద్ద జబ్బులకు ఇదే మన పేద కుటుంబాలకు అండ. ఆ తేడా గుర్తు పెట్టుకోండి. పెద్దదానికి ఆరోగ్యశ్రీ, చిన్నదానికి మన జాగ్రత్త.

5. ప్రభుత్వ ఆసుపత్రి: 2022 నవంబరులో రామగుండంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. గోదావరిఖని ప్రభుత్వ ఆసుపత్రి దానితో కలిసి పనిచేస్తోంది. పళ్ళ డాక్టరు ఉండే రోజు తెలుసుకుని వెళ్ళండి. పెద్ద పని అయితే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా బయటి క్లినిక్కుల కన్నా తక్కువకు చేస్తారు. చదువుకునే డాక్టర్లు చేస్తారు కాబట్టి టైం ఎక్కువ పడుతుంది, ప్రొఫెసర్లు పక్కన ఉండి చూస్తారు.

నేను మొదట చెప్పిన టీ హోటలు ఆయన ఇల్లు ప్రభుత్వ ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాల దూరం. ఆ పన్ను అక్కడ మొదటి నెలలోనే తీయించుకుని ఉంటే కథ వేరేగా ఉండేది.

మామూలు హెల్త్ పాలసీలో పళ్ళు ఉంటాయా?

"మాకు అయిదు లక్షల హెల్త్ పాలసీ ఉంది కదా, పళ్ళకు రాదా?" అని కొందరు అడుగుతారు. ఎక్కువ పాలసీల్లో పంటి చికిత్సకు డబ్బు రాదు. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే మాత్రం ఇస్తారు. బండి మీద నుంచి పడి దవడ విరిగితే వస్తుంది, పిప్పి పన్నుకు రాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే తీరుగా అమ్మేలా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ "ఆరోగ్య సంజీవని" అనే పాలసీని తెచ్చింది. అందులో జబ్బు వల్ల గాని, దెబ్బ వల్ల గాని అవసరమైన పంటి చికిత్స అని రాసి ఉంటుంది. అది చూసి తొందరపడకండి. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే. కుర్చీలో కూర్చుని సిమెంటు పెట్టించుకుని ఇంటికి వచ్చేస్తే అది బయటి రోగి చికిత్స, దానికి రాదు.

అలాగని హెల్త్ పాలసీ వద్దని నా మాట కాదు. కంపెనీ వైద్యం, ఈఎస్ఐ, ఆరోగ్యశ్రీ ఏదీ లేని కుటుంబాలు పెద్ద జబ్బుల కోసం హెల్త్ పాలసీ తప్పక తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకు ముందు 18 శాతం ఉండేది. ఆ మిగిలిన డబ్బు పళ్ళ పాలసీ మీద పెట్టకుండా, పెద్ద జబ్బుల పాలసీ మొత్తాన్ని పెంచుకోవడానికి వాడండి.

ఏజెంటును అడగవలసిన ఆరు ప్రశ్నలు

1. ఈ రోజు డబ్బు కడితే పంటి పనికి ఎప్పటి నుంచి వస్తుంది? ఇప్పటికే పాడైన పంటికి వస్తుందా?
2. ఏడాదికి పళ్ళకు మొత్తం ఎంత ఇస్తారు? అది మనిషికా, ఇంటికంతటికా?
3. రూట్ కెనాల్‌కు ఇస్తే, దాని మీద పెట్టే క్యాపుకు కూడా ఇస్తారా? కట్టుడు పళ్ళకు, పిల్లల క్లిప్పులకు ఇస్తారా?
4. బిల్లులో మేము ఎంత శాతం పెట్టుకోవాలి?
5. గోదావరిఖనిలో గాని, పెద్దపల్లి, మంచిర్యాలలో గాని ఏ క్లినిక్కు మీ లిస్టులో ఉంది? పేరు చెప్పండి. (హైదరాబాద్‌లో ఉంటే ఛార్జీలకే సగం పోతుంది.)
6. ఇది నిజంగా ఇన్సూరెన్సేనా, డిస్కౌంటు కార్డా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కొందరు "డెంటల్ కార్డు" అని అమ్మేది ఇన్సూరెన్స్ కాదు. ఫలానా క్లినిక్కులకు వెళితే ఇంత శాతం తగ్గిస్తామని మాత్రమే. ధర ముందే ఎక్కువ చెప్పి తగ్గిస్తే మనకు మిగిలేది లేదు.

జవాబులు నోటి మాటగా తీసుకోకండి. పాలసీతో పాటు ముఖ్యమైన విషయాలు సులువుగా రాసిన సమాచార పత్రం ఇవ్వాలని 2024 జనవరి 1 నుంచి నియమం ఉంది. కావాలంటే తెలుగులో ఇమ్మని అడగవచ్చు. అందులో "మినహాయింపులు", "నిరీక్షణ కాలం" అన్న చోట్లు ముందు చదవండి. చదవడం రాని పెద్దలు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. తీసుకున్నాక నచ్చకపోతే పాలసీ చేతికి అందిన 30 రోజుల లోపు తిరిగి ఇచ్చేయవచ్చు. న్యాయంగా రావలసిన క్లెయిమ్ రాకపోతే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. అక్కడ ఫీజు లేదు.

ఒక లెక్క వేద్దాం

ధరలు క్లినిక్కును బట్టి, పాలసీని బట్టి మారతాయి. కింద ఉన్నవి లెక్క నేర్చుకోవడానికి అనుకున్న అంకెలు మాత్రమే. మీ ఏజెంటు చెప్పిన అంకెలు వేసుకుని మీరు ఇలాగే చూడండి.

భార్యాభర్తలకు పళ్ళ పాలసీ ప్రీమియం ఏడాదికి 3,600 రూపాయలు అనుకుందాం. మొదటి ఏడాది చూపించుకోవడం తప్ప ఏ పనికీ రాదు. తర్వాత ఏడాదికి 5,000 వరకు ఇస్తారు. క్యాపుకు ఇవ్వరు.

రెండవ ఏడాది ఇద్దరికీ క్లీనింగ్, ఒక సిమెంటు: 1,800 రూపాయలు. మూడవ ఏడాది ఒక రూట్ కెనాల్ 4,000, క్యాపు 4,000: మొత్తం 8,000 రూపాయలు.

పాలసీ ఉంటే: మూడేళ్ళ ప్రీమియం 10,800, దానికి తోడు క్యాపు 4,000. జేబులోంచి పోయింది 14,800 రూపాయలు.

పాలసీ లేకుంటే: 1,800 కు 8,000 కలిపితే 9,800 రూపాయలు.

అంటే రూట్ కెనాల్ పడిన ఇంట్లో కూడా పాలసీ వల్ల 5,000 రూపాయలు ఎక్కువే పోయాయి. నెలకు 300 చొప్పున విడిగా దాచుకుని ఉంటే అదే పని అంతా అయి, ఇంకా 1,000 రూపాయలు మిగిలేవి. రూట్ కెనాల్ పడకపోతే దాచిన డబ్బు మీదే, ప్రీమియం అయితే తిరిగి రాదు.

"సిస్టర్, రెండు రూట్ కెనాల్స్ పడితే?" అని అడుగుతారు. అందుకే ఏడాది పరిమితి చూడమన్నాను. మనకు ఎక్కువ ఖర్చు వచ్చిన ఏడాదిలోనే ఆ పరిమితి అడ్డం వస్తుంది. ఇల్లు కాలినప్పుడు రెండు బిందెల నీళ్ళే ఇస్తామన్నట్టు ఉంటుంది.

ఎవరికి లాభం?

అందరికీ వద్దు అనడం కూడా న్యాయం కాదు. ఈ కింది వారికి పనికి రావచ్చు.

యజమాని ప్రీమియం కడుతున్నవారు. మీ పిల్లలు హైదరాబాద్, బెంగుళూరు కంపెనీల్లో పనిచేస్తుంటే, వాళ్ళ గ్రూపు పాలసీలో పళ్ళు, బయటి రోగి చికిత్స ఉన్నాయో లేదో, తల్లిదండ్రుల పేర్లు చేర్చవచ్చో లేదో కనుక్కోండి. మన జేబులోంచి పోనప్పుడు లెక్క మారిపోతుంది.

ఏడాది పరిమితి ప్రీమియం కన్నా బాగా ఎక్కువగా ఉండి, ఆగవలసిన కాలం తక్కువగా ఉండి, మన ఊళ్ళోనే క్లినిక్కు ఉన్న పాలసీ దొరికినవారు. ఇలాంటివి అరుదు, కాని చూసి తీసుకుంటే తప్పు లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు. అక్కడ పంటి వైద్యం చాలా ఖరీదు. అక్కడ ఈ పళ్ళ ఇన్సూరెన్స్ పెరిగిన తీరు మన కార్మిక కుటుంబాలు తెలుసుకోదగినది. 1954 లో పడమటి తీరంలోని ఓడరేవు కార్మికుల సంఘం, యజమానులు కలిసి కార్మికుల పిల్లల పళ్ళ కోసం ఒక పథకం పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన పెద్ద పథకాలకు అది దారి చూపింది. అంటే అక్కడ కూడా అది వర్కరు ఒంటరిగా జేబులోంచి కొన్నది కాదు. సంఘం అడిగి సాధించుకున్న జీతంలో భాగం. చిన్నపిల్లల దగ్గర, ముందు జాగ్రత్త దగ్గర మొదలుపెట్టారు. సింగరేణి ఆసుపత్రిలో మనకున్న హక్కు కూడా ఆ జాతిదే.

అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు ఒక ప్రత్యేక మాట. అక్కడికి వెళ్ళేటప్పుడు తీసుకునే సందర్శకుల పాలసీల్లో సాధారణంగా హఠాత్తుగా వచ్చిన పంటి నొప్పికి మాత్రమే కొద్ది మొత్తం ఇస్తారు. పాత పిప్పి పన్నుకు రాదు. విమానం టికెట్టు తీసిన రోజే పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు పనులన్నీ పూర్తి చేయించుకోండి.

మరి మనం చేయవలసింది?

పళ్ళ డబ్బు విడిగా పెట్టండి. డబ్బాలో వేస్తే పండుగకో, పెళ్ళి కట్నానికో కలిసిపోతుందని మీరంటారు. నిజమే, మా ఇంట్లోనూ అదే జరిగింది. అందుకే పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో కూడా మొదలయ్యే రికరింగ్ డిపాజిట్ తెరవండి. లేదా మహిళా సంఘం పొదుపులో పళ్ళ కోసమని విడిగా రాయించండి. చేతికి అందనంత దూరంలోనూ, అవసరానికి దొరికేంత దగ్గరలోనూ ఉండాలి ఆ డబ్బు.

నొప్పి లేకున్నా ఆరు నెలలకు ఒకసారి చూపించుకోండి. షుగరు ఉన్నవారు తప్పనిసరిగా. షుగరు ఎక్కువైతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రాదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోండి. రాత్రి పడుకునే ముందు తోముకోవడం ముఖ్యం. పొగాకు కలిసిన పళ్ళపొడి, గుడాకు, బొగ్గు, ఇటుకపొడి వాడకండి. పాలసీసా నోట్లో పెట్టుకుని పసిపిల్లలను నిద్రపోనివ్వకండి.

గనిలో పనిచేసే అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మనవి. గని లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదని మీకు తెలుసు. అందుకని చాలామంది అంబరు, జర్దా, గుట్కా దవడన పెట్టుకుని దిగుతున్నారు. నిప్పు ప్రమాదం తప్పింది గాని నోటికి ప్రమాదం వచ్చింది. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే, నోరు బిగుసుకుంటుంటే, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే, పుండు రెండు వారాలైనా మానకపోతే వెంటనే చూపించుకోండి. మొదట్లో దొరికిన నోటి క్యాన్సరుకు నయమయ్యే అవకాశం ఎక్కువ. దీనికి పళ్ళ పాలసీ ఏదీ సరిపోదు. గుట్కా మీద రోజూ పెట్టే డబ్బు నెలకు లెక్క కట్టండి. ఇంటిల్లిపాది పళ్ళ ఖర్చు అందులోనే వెళ్ళిపోతుంది.

వీటికి ఒక్క రోజు కూడా ఆగవద్దు

- దవడ, చెంప లేదా గడ్డం కింద వాపు
- నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం
- పంటి నొప్పితో పాటు జ్వరం, చలి
- నాలుక పైకి లేచినట్టు ఉండడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం

వీటిలో ఏది ఉన్నా పాలసీ, కార్డు, చీటీ ఏదీ వెతకకుండా దగ్గరలో ఉన్న ఆసుపత్రికి, రాత్రయినా సరే, రండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే 108 కు ఫోను చేయండి. మెడికల్ షాపు గోలీ నొప్పిని ఆపుతుంది గాని చీమును ఆపదు. లవంగం, బత్తీసా పెట్టి తగ్గిందని ఊరుకోకండి. వాచిన చోట వేడి కాపడం అసలు పెట్టకండి.

చివరగా

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మన ప్రాంతంలోని ఎక్కువ కుటుంబాలకు జేబులోంచి డబ్బు పెట్టి విడిగా పళ్ళ ఇన్సూరెన్స్ కొనడం లాభం కాదు. ఉన్న హక్కును వాడుకోండి. పెద్ద జబ్బులకు పాలసీ ఉంచుకోండి. పళ్ళకు నెలనెలా కొంత దాచుకోండి. ఎవరైనా ప్రేమతో మీకు పళ్ళ పాలసీ కట్టి ఉంటే సంతోషమే, వాడుకోండి. కాని దాని తేదీ కోసం నొప్పితో ఆగకండి. పన్నుకు మీ పాలసీ తేదీ తెలియదు.

ఆ టీ హోటలు ఆయన ఇప్పుడు ఆరు నెలలకు ఒకసారి పళ్ళు చూపించుకుంటున్నాడు. హోటలు గల్లాపెట్టె పక్కన ఒక చిన్న డబ్బా పెట్టి, రోజూ పది రూపాయలు వేస్తున్నాడు. నెల కాగానే భార్య తీసుకెళ్ళి పోస్టాఫీసులో కడుతుంది. మొన్న నన్ను చూసి, "ఇది నా పండ్ల పాలసీ సిస్టరమ్మా" అని నవ్వాడు. నోరు నిండా తెరిచి నవ్వాడు. నాకు అది చాలు.

మీ పాలసీ కాగితం అర్థం కాకపోతే మధ్యాహ్నం ఓపీ అయ్యాక తీసుకుని రండి. కలిసి చదువుదాం.

మీ క్షేమం కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్